పొలం కింద బొగ్గు: సింగరేణి ప్రాంత రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బొగ్గు బెల్టులో వ్యవసాయ కుటుంబంలో పుట్టాను. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి భూసేకరణ నోటీసు వచ్చినా "ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పు" అని తెచ్చిస్తుంటారు. అలా ఏళ్లుగా విన్న ప్రశ్నలివి. కొన్ని రైతులవి, కొన్ని వాళ్ల పిల్లలవి, కొన్ని పట్నంలో ఉండి "బొగ్గు లేకుండా కరెంటు ఎలా వస్తుంది?" అని అడిగే మిత్రులవి. బొగ్గు తవ్వొద్దని నేను అనను. మా ఇళ్లలోనూ గని జీతం మీద చదువుకున్నవాళ్లు ఉన్నారు. పంట భూమిని మాత్రం మామూలు స్థలంలా లెక్కగట్టకూడదని నా గట్టి నమ్మకం.

బొగ్గు ఎప్పుడూ మంచి పొలాల కిందే ఎందుకు దొరుకుతుంది?

ప్రాణహిత, గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట భూమి కుంగి ఏర్పడిన పల్లం. దాదాపు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి అడవులు ఆ పల్లంలో పూడిపోయి బొగ్గుగా మారాయి. నది కూడా అదే పల్లం పట్టుకుని పారింది, ఒండ్రు వేసింది, వాగులు చేరాయి. మహారాష్ట్ర సరిహద్దు నుంచి కిందికి సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఈ బొగ్గు పట్టీ ఉంది. దాని మీదే మంచిర్యాల పత్తి చేలు, పెద్దపల్లి మాగాణులు, భూపాలపల్లి చెరువుల కింది పొలాలు, సత్తుపల్లి తోటలు ఉన్నాయి. నీళ్లున్న చోటే నేల బాగుంటుంది. మన దగ్గర బొగ్గు కూడా అక్కడే పడింది.

గనులు నూరేళ్లకు పైగా ఉన్నాయి కదా. మా తాతల కాలంలో లేని గొడవ ఇప్పుడెందుకు?

1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడింది, 1889లో తవ్వకం మొదలైంది. చాలాకాలం అవన్నీ బాయిలే, అంటే భూగర్భ గనులు. మనిషి లోపలికి దిగి తవ్వేవాడు, పైన నాగలి నడిచేది. కొన్నిచోట్ల నేల కుంగేది, పగుళ్లు వచ్చేవి. కానీ ఊరు ఊరులాగే ఉండేది.

ఓపెన్‌కాస్ట్ వచ్చాక ఆ పద్ధతి తిరగబడింది. బొగ్గు పొర దాకా మట్టి, రాయి అంతా తీసేయాలి. టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్ల మట్టి, రాయి లేపి పక్కన పోయాలి. గుంతకు కొంత భూమి పోతే, ఆ మట్టి గుట్టలకు మరికొంత, రోడ్లకు, బొగ్గును పగలగొట్టి లోడు చేసే సీహెచ్‌పీలకు ఇంకొంత పోతుంది. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో తొంభై శాతానికి పైగా ఓపెన్‌కాస్ట్‌దే. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. అంటే భూమి ఎక్కువ పోతోంది, ఉద్యోగాలు తక్కువ వస్తున్నాయి. "అప్పట్లో ఇంటికో ఉద్యోగం వచ్చేది" అని పెద్దవాళ్లు అనడం వెనక ఈ లెక్క ఉంది.

అయితే మళ్లీ భూగర్భ గనులకే వెళ్లొచ్చు కదా?

లోతైన పొరలున్న చోట వెళ్లాలనే నేను అంటాను. కానీ ఖర్చు ఎక్కువ, ప్రమాదం ఎక్కువ, తీయగలిగే బొగ్గు తక్కువ. భూగర్భ గనుల నష్టాన్ని ఓపెన్‌కాస్ట్ లాభంతో పూడ్చుకుంటున్నారు. రెండు పంటల భూమి ఉన్నచోట ఆ అదనపు ఖర్చును నష్టంగా రాయకుండా, పొలాన్ని నిలబెట్టినందుకు అయిన ఖర్చుగా చూడాలి. ఇప్పటి ధర లెక్కల్లో ఆ ఖర్చుకు చోటు లేదు.

బొగ్గు లేకపోతే వ్యవసాయం నడుస్తుందా? మోటార్లకు కరెంటు దానితోనే కదా?

నిజమే, ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. బోర్ల మీద బతికే రాష్ట్రం ఇది. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, జైపూర్‌లోని సింగరేణి థర్మల్ 1,200 మెగావాట్లు బొగ్గు మీదే నడుస్తున్నాయి. ఎరువుకూ బొగ్గుతో బంధం ఉంది. రామగుండంలో 1980లో మొదలైన పాత ఎఫ్‌సీఐ (ఎరువుల కార్పొరేషన్) ఫ్యాక్టరీ బొగ్గు నుంచే యూరియా తీసేది. అది 1999లో మూతపడింది. అదే చోట 2021 నుంచి ఆర్‌ఎఫ్‌సీఎల్ యూరియా తయారు చేస్తోంది, అయితే ఇది నడిచేది గ్యాస్ మీద.

కాబట్టి మన అన్నంలో బొగ్గు వాటా ఉంది. అందుకే ఏ పొలం కింద తవ్వాలి, ఏ పొలాన్ని వదలాలి, తవ్వాక నేలను ఎలా తిరిగి ఇవ్వాలి అన్న మాటలు ముందే తేలాలి.

రాష్ట్రంలో వానాకాలంలోనే కోటి ఎకరాలకు పైగా సాగవుతోంది. కొన్ని వేల ఎకరాలు పోతే ఆహార భద్రతకు ఏమవుతుంది?

రాష్ట్రం మొత్తం లెక్క చూస్తే పెద్దగా కనబడదు. కొనుగోలు కేంద్రాల్లో వడ్ల కుప్పలు తగ్గవు. అందుకే అధికారులు ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేస్తారు.

నేను చిన్న లెక్క చెప్తాను. బోరు కింద రెండు పంటలు పండే ఎకరంలో ఏడాదికి తక్కువలో తక్కువ 45 క్వింటాళ్ల వడ్లు వస్తాయనుకోండి. మిల్లు పడితే క్వింటాలుకు 67 కిలోల బియ్యం, అంటే దాదాపు 30 క్వింటాళ్లు. రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల లెక్కన ఆ ఒక్క ఎకరం 40 మందికి ఏడాది రేషన్. వెయ్యి ఎకరాలంటే 40 వేల మంది. ఒకటి రెండేళ్లు కాదు, గని నడిచే పాతికేళ్లూ, ఆ తర్వాత కూడా.

ఇంకో నష్టం ఏ లెక్కలోనూ రాదు. భూమి ఉన్న ఇల్లు బియ్యం కొనదు. గట్ల మీద కందులు, పెరట్లో కూరలు, గడ్డి ఉంటే రెండు బర్రెలు, ఇంట్లో పెరుగు. పరిహారం తీసుకుని పునరావాస కాలనీకి వెళ్లిన ఇంట్లో మొదటి నెల నుంచే బియ్యం, పాలు, పప్పు అన్నీ కొనాల్సిందే. నాకు తెలిసిన ఒక ఇంట్లో పరిహారం డబ్బుతో ఇల్లు కట్టారు, పెళ్లి చేశారు, కారు కొన్నారు. ఐదేళ్ల తర్వాత ఆ ఇంటి పెద్దాయన పక్క ఊళ్లో కౌలుకు పొలం వెతుకుతున్నాడు. దుబారా చేశాడని ఆయన్ని అనలేను. నలభై ఏళ్లు నేలను చూసుకున్న మనిషికి ఒక్కసారిగా బ్యాంకు ఖాతాను చూసుకోమన్నారు.

రెండు పంటల మాగాణి తీసుకోకూడదని చట్టం ఉందంటారు. నిజమా?

సగం నిజం. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 10 పేరే ఆహార భద్రత కోసం పెట్టిన ప్రత్యేక నిబంధన. సాగునీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని తీసుకోకూడదు. తప్పనిసరి పరిస్థితుల్లో, వేరే దారి లేకపోతేనే తీసుకోవాలి. తీసుకుంటే అంతే విస్తీర్ణంలో బంజరును సాగులోకి తేవాలి, లేదా ఆ భూమి విలువకు సమానమైన డబ్బును వ్యవసాయానికి పెట్టుబడిగా ప్రభుత్వం దగ్గర జమ చేయాలి.

ఇక మిగతా సగం. బొగ్గుకు 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం విడిగా ఉంది. అది 2013 చట్టం నాలుగో షెడ్యూల్‌లో ఉంది, అంటే 2013 చట్టం దానికి నేరుగా వర్తించదు. 2015 ఆగస్టు 28న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో పరిహారం, పునరావాసం, కాలనీ వసతుల నిబంధనలు మాత్రం ఈ చట్టానికీ వర్తించాయి. ఆహార భద్రత సెక్షన్ రాలేదు. రైతుకు డబ్బు హక్కు వచ్చింది గానీ నేలకు రక్షణ రాలేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి పెద్ద లోపం ఇదే. దీని గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు.

నోటీసు వచ్చింది. ముందు ఏం చూడాలి?

ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. 1957 చట్టం అయితే సెక్షన్ 4 అంటే బొగ్గు ఉందో లేదో వెతుకుతామని, సెక్షన్ 7 అంటే తీసుకోబోతున్నామని. సెక్షన్ 7 నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరానికి 30 రోజులే గడువు. 2013 చట్టం అయితే సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత 60 రోజులు ఉంటుంది.

తర్వాత సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి రకం సరిచూడండి. బోరు కింద రెండు పంటలు పండే భూమిని పాత రికార్డు చూసి మెట్ట అని రాసేస్తారు. అక్కడే సగం నష్టం జరిగిపోతుంది. జాయింట్ సర్వే రోజు పొలం దగ్గర మీరే ఉండాలి. బోరు, బావి, పైపులైను, వేప చెట్టు దాకా అన్నీ రాయించాలి. మాటలతో చెప్పి వదిలేయకండి. రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.

పరిహారం ఎలా లెక్కకడతారు?

రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. గ్రామీణ ప్రాంతంలో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. చెట్లు, బావులు, కట్టడాల విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి అంతే సొలేషియం, అంటే భూమి ఇష్టం లేకున్నా పోయినందుకు ఇచ్చే అదనపు డబ్బు. ఉదాహరణకు ఎకరం విలువ 10 లక్షలు, అంకె 1.5 అనుకుంటే 15 లక్షలు, సొలేషియంతో 30 లక్షలు.

చిక్కు ఎక్కడంటే, మన ఊళ్లలో 30 లక్షలకు కొన్న భూమిని స్టాంపు డబ్బు మిగుల్చుకోవడానికి 6 లక్షలని రాయిస్తారు. రేపు ఊరందరి పరిహారానికి ఆ 6 లక్షలే ఆధారం అవుతుంది.

2013 చట్టం కింద చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టండి. అలా రాయకపోతే ఎక్కువ పరిహారం కోసం సెక్షన్ 64 కింద అడిగే హక్కు పోతుంది. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే ఆరు వారాల్లోపే దరఖాస్తు చేయాలి. ఈ ఒక్క మాట తెలియక నష్టపోయినవాళ్లను చూస్తే గుండె బరువెక్కుతుంది.

నేను కౌలు రైతును. భూమి నా పేరున లేదు. నాకేమైనా వస్తుందా?

చట్టం ప్రకారం వస్తుంది. 2013 చట్టంలో బాధిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతికిన కౌలుదారు, పాలికి చేసేవాడు, వ్యవసాయ కూలీ కూడా. ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు కనీసం 2,000 చొప్పున 20 ఏళ్లు అన్న నిబంధన వీళ్లకూ వర్తిస్తుంది. ఏడాది పాటు నెలకు 3,000 జీవన భృతి, 50 వేల పునరావాస భృతి నిర్వాసితులయ్యే కుటుంబాలకు అదనం.

ఆచరణలో కాగితం ఏదని అడుగుతారు. మన దగ్గర కౌలు నోటి మాట మీదే నడుస్తుంది. యజమాని రాసివ్వడు, రాసిస్తే తన పరిహారానికి టెన్షన్ అనుకుంటాడు. అందుకని వడ్లు అమ్మిన తక్ పట్టీలు, ఎరువుల బిల్లులు, పక్క రైతుల వాంగ్మూలం, గ్రామసభ తీర్మానం, ఏది ఉంటే అది దాచుకోండి. కైకిలికి వెళ్లే ఆడవాళ్ల పేర్లు సామాజిక ప్రభావ సర్వే జాబితాలో ఉన్నాయో లేదో పట్టుబట్టి చూడండి. అందరికన్నా ముందు పని పోయేది వాళ్లకే, జాబితాలో చివర చేరేదీ వాళ్లే.

మాది ఏజెన్సీ గ్రామం. పోడు భూమి చేసుకుంటున్నాం.

కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు వైపు, ఆసిఫాబాద్‌లో కొంత భాగం షెడ్యూల్డ్ ప్రాంతమే. 2013 చట్టం కింద అయితే అక్కడ గ్రామసభ ముందస్తు సమ్మతి లేకుండా భూమి తీసుకోకూడదు. షెడ్యూల్డ్ ప్రాంత పంచాయతీల కోసం తెచ్చిన పెసా చట్టం ప్రకారం గ్రామసభను సంప్రదించడం ఎలాగూ తప్పనిసరి. పోడు పట్టా ఉన్నవాళ్లు అటవీ హక్కుల చట్టం కింద హక్కుదారులే, ఆక్రమణదారులు కాదు. పట్టా ఇంకా రానివాళ్ల దరఖాస్తులు తేలేదాకా ఖాళీ చేయించకూడదు. విశాఖ మన్యంలోని అనంతగిరి గనుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు కూడా గుర్తుంచుకోండి. ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని అది చెప్పింది.

భూమి పోలేదు. కానీ గని మా పొలం పక్కకే వచ్చింది. బోరు ఎండిపోయింది, పత్తి మీద దుమ్ము పడుతోంది. మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరా?

అందరికన్నా ఎక్కువ అన్యాయం మీకే జరుగుతోందని నేను అనుకుంటాను. భూమి పోయినవాళ్లకు చెక్కైనా వస్తుంది.

గుంత ఎంత లోతుకు పోతే చుట్టుపక్కల ఇసుకరాతి పొరల్లో నీళ్లు అంత అందులోకి దిగుతాయి. గని నడవాలంటే ఆ నీటిని పగలూ రాత్రీ తోడిపోయాలి. అలా తోడుతుంటే బోర్లలో మట్టం పడిపోతుంది. మరోవైపు వాగుకు అడ్డంగా మట్టి గుట్ట లేస్తే చెరువుకు వచ్చే నీళ్లు దారి మళ్లుతాయి. వానాకాలంలో ఆ గుట్ట మీది మట్టి కొట్టుకొచ్చి పొలంలో మేటలు వేస్తుంది. బొగ్గు లారీల దారిలో విచ్చిన పత్తి నల్లబడితే మార్కెట్లో ధర కోస్తారు.

అడగాల్సింది ఒకటుంది. గని తోడే నీళ్లు వృథాగా వాగులో కలవకుండా ముందు చెరువుల్లోకి రావాలి. కొన్నిచోట్ల సింగరేణి అలా ఇస్తోంది కూడా. నీటిని పరీక్ష చేయించి, ఏ చెరువుకు ఎప్పుడు ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. దయగా ఇచ్చే నీళ్లు ఏ రోజైనా ఆగిపోవచ్చు. ఇంటి గోడలు పగులుతుంటే బ్లాస్టింగ్ సమయాలు రాసిపెట్టుకోండి, తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. పొల్యూషన్ బోర్డుకు, గనుల భద్రత అధికారులకు ఊరు మొత్తం సంతకాలతో ఒకే ఫిర్యాదు వెళ్లాలి.

ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడితే ఉపయోగం ఉందా? అంతా ముందే ఖాయమై ఉంటుంది కదా?

మీ అనుమానం అర్థం చేసుకోగలను. అయినా వెళ్లండి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభను వీడియో తీయాలి. మీరు అక్కడ అన్న మాట రికార్డులోకి ఎక్కుతుంది, రేపు కోర్టులో, గ్రీన్ ట్రైబ్యునల్‌లో పనికొస్తుంది. ఉన్న గనిని విస్తరించేటప్పుడు కొన్ని షరతుల మీద ఈ సభ లేకుండానే అనుమతి తెచ్చుకునే వీలు కూడా ఇచ్చారు. కాబట్టి సభ జరిగిన రోజును వదులుకోకూడదు.

సభలో ఉద్యోగాలు, పరిహారం గురించి అందరూ అడుగుతారు. మీరు పైమట్టి గురించి అడగండి. ఎన్ని అడుగుల మందాన తీస్తారు? ఎక్కడ పోస్తారు? ఎన్నేళ్లు ఉంచుతారు? తిరిగి ఎన్ని ఎకరాల మీద పరుస్తారు? జవాబును మినిట్స్‌లో రాయించండి.

పైమట్టి అంత ముఖ్యమా? తవ్విన భూమిలో మళ్లీ పంట పండుతుందా?

పైమట్టి మీదే అంతా ఆధారపడి ఉంది. అంగుళం మట్టి తయారవడానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. నల్లరేగడిలో మొదటి అడుగు రెండు అడుగుల్లోనే వేరు పాకుతుంది, వానపాము తిరుగుతుంది, తడి నిలుస్తుంది. దాని కింద తీసేదంతా రాయి, ఇసుకరాయి ముక్కలు. ఈ రెండింటినీ కలిపి ఒకే గుట్టగా పోస్తే ఆ నేల చచ్చిపోయినట్టే. ఆ గుట్ట మీద టేకో, సుబాబులో నాటి పచ్చగా చేయొచ్చు. పచ్చదనం వచ్చినంత మాత్రాన ఆ నేల పంటకు పనికిరాదు. విడిగా పోసినా ఏళ్ల తరబడి ఎత్తైన కుప్పగా వదిలేస్తే లోపల గాలి ఆడక మట్టిలోని జీవం పోతుంది. అందుకే తీసిన మట్టిని వీలైనంత త్వరగా పూడ్చిన భాగం మీద పరచాలి. గుంత ముందుకు జరుగుతుంటే వెనక పూడ్చుకుంటూ రావడం సాధ్యమే. చాలా గనుల ప్రణాళికల్లో రాసి ఉంటుంది కూడా.

అమెరికాలో 1977లో ఉపరితల గనుల చట్టం తెచ్చారు. మేలైన సాగుభూమిని తవ్వితే పైమట్టిని విడిగా తీసి, విడిగా ఉంచి, తిరిగి పరచాలి. అక్కడితో అయిపోదు. తిరిగి ఇచ్చిన నేలలో కనీసం మూడు పంటకాలాలు దిగుబడి కొలిచి, చుట్టుపక్కల తవ్వని పొలాలతో సమానంగా పండిందని చూపితేనే కంపెనీ కట్టిన పూచీకత్తు డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. మొక్కలు నాటిన ఫొటో అక్కడ చెల్లదు. పంట తూకం చూపించాలి. మన దగ్గరా ఈ ఒక్క నిబంధన వస్తే గనికీ పొలానికీ సగం తగాదా తీరుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

గని మూసేటప్పుడు బాగు చేయడానికి డబ్బు ఎక్కడుంటుంది?

2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక, దానికి ఎస్క్రో ఖాతా, అంటే మూసివేత ఖర్చు కోసమే విడిగా డబ్బు జమ చేసే ఖాతా, ఉండాలి. మొదట్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష చొప్పున పెట్టారు, తర్వాత పెంచారు. మీ గని మూసివేత ప్రణాళికను సమాచార హక్కు కింద అడగండి. అందులో "వ్యవసాయం" అని ఎన్ని హెక్టార్లు రాశారో, "ప్లాంటేషన్" అని ఎన్ని, "నీటి గుంత" అని ఎన్ని రాశారో చూడండి.

గని అయిపోయాక మా భూమి మాకు తిరిగి ఇస్తారా?

అలాంటి హక్కు ఇప్పుడు లేదు. 1957 చట్టం కింద తీసుకుని తవ్వకం పూర్తయిన భూములను ఏం చేయాలో 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక విధానం ఆమోదించింది. బొగ్గు కడిగే వాషరీలు, కరెంటు ప్లాంట్లు, సోలార్ లాంటి వాటికి వాడుకోవచ్చని అందులో ఉంది. సాగు కోసం పాత రైతుకు ఇవ్వాలని లేదు. పాతికేళ్లకు తీసుకున్నట్టు మాట్లాడి శాశ్వతంగా ఉంచుకోవడం న్యాయం కాదు. బాగు చేసిన భూమి మీద మొదటి హక్కు, కనీసం లీజుగానైనా, నిర్వాసిత కుటుంబాలకే ఉండాలి.

డీఎంఎఫ్‌టీ నిధులు అంటారు, అవి మాకు సంబంధించినవేనా?

మీవే. డీఎంఎఫ్‌టీ అంటే జిల్లా ఖనిజ నిధి. 2015 నుంచి దానికి గని కట్టే రాయల్టీ మీద అదనంగా, పాత లీజులైతే 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవైతే 10 శాతం జమవుతుంది. గని ప్రభావిత ఊళ్లకే ఖర్చు పెట్టాలన్నది దాని ఉద్దేశం. చెరువు పూడికతీత, పశుగ్రాసం, పూడ్చిన నేలలో మట్టి బాగుచేయడం వంటి వాటికి గ్రామసభలో తీర్మానం చేసి పంపండి.

ప్రైవేటు కంపెనీకి బ్లాకు వెళితే తేడా ఏమిటి?

2020లో బొగ్గు బ్లాకుల వాణిజ్య వేలం మొదలైంది. 2024లో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు వేలం జాబితాలోకి వచ్చినప్పుడు తెలంగాణలో ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. రైతు వైపు నుంచి చూస్తే, ప్రైవేటు కంపెనీ కోసం 2013 చట్టం కింద భూమి సేకరిస్తే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి. ప్రభుత్వ సంస్థకు అది అక్కర్లేదు. అంతమాత్రాన ప్రైవేటు మేలని నేను అనడం లేదు. ప్రభుత్వ గనికీ అదే సమ్మతి నియమం పెట్టాలని అంటున్నాను.

పంట కోసం గనిని ఆపిన చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

ఉంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని లివర్‌పూల్ ప్లెయిన్స్ అంటే మన రేగడి లాంటి నల్లనేల. అక్కడ షెన్‌హువా కంపెనీ గని ప్రతిపాదనను రైతులు ఏళ్ల తరబడి ఎదిరించారు. 2021లో ఆ రాష్ట్ర ప్రభుత్వం 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చి కంపెనీ ఆ గని ప్రతిపాదనను వదులుకునేలా చేసింది. దక్షిణాఫ్రికా కథ వేరు. ఆ దేశపు మేలైన సాగునేలలో దాదాపు సగం ఎంపుమలంగాలోనే ఉంది, బొగ్గు గనులు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. ఏటా మొక్కజొన్న పండే నేల గనుల్లోకి పోతోంది.

సోలార్ వస్తే ఈ బాధ తప్పుతుందా?

పొలంలో పలకలు పరిస్తే తప్పదు, పేరు మారుతుందంతే. రామగుండం ఎన్టీపీసీ జలాశయం నీటి మీద 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పూర్తయింది. అందుకు ఒక్క మడి పోలేదు. మట్టి గుట్టలు, పాత గుంతల నీళ్లు, బూడిద చెరువుల గట్లు ఉండగా సాగుభూమి వైపు చూడాల్సిన పని లేదు.

మా ఊళ్లో ఇంకా నోటీసు రాలేదు. కానీ డ్రిల్లింగ్ మిషన్లు తిరుగుతున్నాయి. ఇప్పుడేం చేయాలి?

ఇప్పుడే మొదలుపెట్టండి. పాసుబుక్కులో, భూభారతిలో పేరు, విస్తీర్ణం, భూమి రకం సరిగా ఉన్నాయో చూసుకోండి. తండ్రి పేరున ఉంటే విరాసత్ (వారసుల పేరుకు మార్పు) చేయించుకోండి. బోర్ల లోతు, నీటి మట్టం ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నోట్‌బుక్కులో రాయండి. వడ్ల, పత్తి పట్టీలు పారేయకండి. భూసార పరీక్ష చేయించి కార్డు దాచుకోండి. రేపు ఎవరైనా "ఇది పనికిరాని చెలక" అంటే ముందు పెట్టడానికి అదొక్కటే ఉంటుంది. చెరువు శిఖం, వాగు దారి, పశువుల బాట అన్నీ ఊరి మ్యాపు మీద గుర్తుపెట్టి గ్రామసభ తీర్మానానికి జత చేసి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఇంకో కాపీ మీ ఇంట్లో ఉంచండి.